చిన్న పడవ... చాంతాడంత సరంజామా!

తీరం నుంచి ఈదుకుంటూ వెళ్తే దారిలోనే ఒళ్లు అలిసిపోతుంది. పెద్ద పడవ ఎక్కితే జేబు ఖాళీ అవుతుంది, పైగా వాళ్లు తీసుకెళ్లిన చోటికే వెళ్లాలి. ఈ రెండూ వద్దనుకునే స్కూబా డైవర్లు కాలిఫోర్నియాలోని మాంటెరే తీరంలో కయాక్ ఎక్కుతున్నారు. మనిషి కూర్చుంటేనే అటూ ఇటూ ఊగే ఆ బుల్లి పడవ మీద 35 కిలోలకు పైగా సామాను! దాన్ని ముంచకుండా, పోగొట్టుకోకుండా వెళ్లి రావడమే అక్కడ అసలు విద్య.

సిలికాన్ వ్యాలీలోని తెలుగువాళ్లకి మాంటెరే కొత్త ఊరేం కాదు. శాన్‌హోసే నుంచి దాదాపు 115 కిలోమీటర్లు, కారులో గంటన్నర ప్రయాణం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మొదట చూపించే ఊళ్లలో ఇదొకటి. సముద్రం ఒడ్డున ఫొటోలు, కేనరీ రో వీధిలో షికారు, అక్వేరియంలో చేపలు... సాయంత్రానికి తిరుగు ప్రయాణం. చాలామంది చూసే మాంటెరే ఇంతే. కానీ ఈ ఊరి అసలు అందం నీళ్ల అడుగున ఉంది.

ఒకప్పుడు ఇది సార్డీన్ చేపల ఊరు. ఒడ్డున వరసగా డబ్బాల ఫ్యాక్టరీలు, వాటి చుట్టూ పగలూ రాత్రీ పనిచేసే కూలీలు. 1945లో జాన్ స్టైన్‌బెక్ ఆ వీధి మీద 'కేనరీ రో' అనే నవల రాశాడు. 1958లో ఆ నవల పేరే వీధి పేరైంది. అప్పటికే చేపలు కరవై చాలా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. అలా మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ స్థలంలోనే 1984లో మాంటెరే బే అక్వేరియం వెలిసింది. 1992లో ఈ తీరంలోని సముద్రాన్ని జాతీయ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

ఇంతకీ నీళ్లలో ఏముంది? ఒడ్డుకి అతి దగ్గర్లోనే, గ్రాండ్ క్యాన్యన్‌తో పోల్చదగ్గ లోతైన లోయ ఒకటి సముద్రగర్భంలో ఉంది. గాలుల తాకిడికి ఈ తీరంలో లోతుల్లోని చల్లటి నీరు పైకి ఉబికి వస్తుంది. ఆ నీటిలో పోషకాలు పుష్కలం. వాటిని తిని పెరిగేదే కెల్ప్ అనే సముద్రపు నాచు. నాచు అంటే బావి గట్టు మీది పాకుడు అనుకునేరు! అడుగున రాయిని పట్టుకుని, తాటిచెట్టంత ఎత్తు లేచి, నీటిపైన పందిరిలా పరుచుకుంటుంది. అన్నీ కుదిరితే రోజుకి 30 సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. ఆ పందిరి కింద రాతిచేపలు, పీతలు, నత్తలు, ఆక్టోపస్‌లు. పందిరి మీద సముద్రపు నీటికుక్కలు... నిద్రలో కొట్టుకుపోకుండా కెల్ప్ తీగని నడుముకి చుట్టుకుని మరీ పడుకుంటాయి!

మంచి బొచ్చు కోసం వేటాడి వేటాడి ఈ నీటికుక్కల్ని కాలిఫోర్నియాలో దాదాపు లేకుండా చేశారు. ఇక అయిపోయాయనుకుంటే 1938లో ఇక్కడికి దక్షిణంగా బిగ్‌సర్ తీరంలో ఒక చిన్న గుంపు కనిపించింది. ఇప్పుడున్న సుమారు 3 వేల నీటికుక్కలూ ఆ కొద్దిపాటి సంతతే.

తెప్పకి అమెరికా తమ్ముడు

శాన్ కార్లోస్ బీచ్. పక్కనే రాళ్ల కట్ట, దాని మీద గోలగోలగా సీలయన్లు. శనివారం ఉదయం ఏడింటికి కార్లు పెట్టుకునే చోటు పెళ్లివారి విడిదిలా ఉంది. ఎక్కడ చూసినా సంచులు, ట్యాంకులు, తాళ్లు, రబ్బరు దుస్తులు. మధ్యలో తెలుగు మాటలు! భీమునిపట్నంలో పుట్టి పెరిగి, సన్నీవేల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒకాయన, ఆయన బావమరిది. ఇద్దరూ సర్టిఫికెట్ ఉన్న డైవర్లే. ఒడ్డున మడత కుర్చీ వేసుకుని ఆయన భార్య, ఇద్దరు పిల్లలు. ఈ శనివారాలు తమకి అలవాటేనన్నారు. వాళ్ల వెనకే మరో అద్దె కయాక్‌లో, నీటి మీదే ఉండి చూడటానికి నేను.

ఇక్కడ డైవర్లు వాడేది ఎస్కిమోల పడవలా లోపలికి కాళ్లు చాపి కూర్చునే కయాక్ కాదు. పైన కూర్చునే రకం. ప్లాస్టిక్‌తో పోత పోసిన మూసిన డొల్ల. పైన కూర్చోవడానికి గుంట, కాళ్లు పెట్టుకోవడానికి గుంటలు. అల వచ్చి పైన పడినా అడుగున ఉన్న రంధ్రాల్లోంచి నీరు దానంతటదే కారిపోతుంది. కాలిఫోర్నియాలోని మాలిబు తీరంలో టిమ్ నీమియర్ అనే యువకుడు మొదలుపెట్టిన ఈ రకం కయాక్‌లు 1970ల నుంచి వ్యాప్తిలోకి వచ్చాయి. తర్వాత వచ్చిన కొన్ని మోడళ్లలో వెనకవైపు స్కూబా ట్యాంకు పడుకోబెట్టడానికే ప్రత్యేకంగా ఒక పల్లం ఉంటుంది.

భీమిలి బావగారికి మాత్రం దీన్ని చూస్తే గుర్తొచ్చేది తెప్ప. నిజమే మరి. దుంగల్ని మోకులతో కలిపి కట్టిన మన తెప్పలో నీరు నిలవదు, సందుల్లోంచి జారిపోతుంది. నిండదు కాబట్టి మునగదు. కానీ పైనున్నదేదీ కట్టకపోతే మిగలదు. ఉత్తరాంధ్ర తీరంలో ఇప్పుడు ఫైబర్ పడవలు వచ్చేసి తెప్పలు బాగా తగ్గిపోయాయి. చిన్నప్పుడు ఒడ్డున కూర్చుని, జాలర్లు తెడ్డుని కూడా తాడుతో కట్టుకోవడం చూసేవాణ్నని ఆయన చెప్పారు. పసిఫిక్ ఒడ్డున ఆయన మొదట చేసిన పని కూడా అదే... తెడ్డుకి తాడు.

తిరగబడుతుందనుకునే కట్టాలి

సామాను లెక్క చూద్దాం. అల్యూమినియం ట్యాంకు గాలితో నింపితే 16, 17 కిలోలు. మాంటెరే నీళ్లు ఏడాది పొడవునా 10 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటాయి. కాబట్టి 7 మిల్లీమీటర్ల మందం రబ్బరు సూటు తప్పదు. ఆ సూటు మనిషిని బెండులా పైకి తేలుస్తుంది. మునగాలంటే నడుముకి పది, పన్నెండు కిలోల సీసం కట్టుకోవాలి. ఆపైన గాలి నింపుకొనే జాకెట్, ట్యాంకులోని గాలిని నోటికి అందించే రెగ్యులేటర్, కళ్లకి మాస్క్, కాళ్లకి ఫిన్స్, టార్చి, లంగరు, తాళ్లు, జెండా. అన్నీ కలిపితే 35 కిలోలు దాటుతుంది. ఇక మనిషి బరువు సరేసరి.

ఇంత బరువూ ఎక్కడ పెట్టారన్నదాన్ని బట్టే పడవ నిలుస్తుందా, దొర్లుతుందా అన్నది తేలుతుంది. సూత్రం సులువే. బరువైనవి కిందికి, మధ్యకి. సీసం బెల్టులు కాళ్ల దగ్గరి గుంటలో. ట్యాంకు వెనక పల్లంలో, పట్టీలతో బిగించి. తేలిక సామాను ముందువైపు మూత కింద. బయల్దేరేముందు పడవ డొల్లకి ఉండే బిరడా బిగించారో లేదో చూడాలి. లోపలికి నీరు చేరితే పైకి కనిపించదు. లోపల అటూ ఇటూ పరుగెడుతూ పడవని ఒక పక్కకి ఒరిగించేస్తుంది.

రెండో సూత్రం ఇంకా ముఖ్యం. 'పడవ తిరగబడదులే' అనుకోకూడదు. 'తప్పకుండా తిరగబడుతుంది' అనుకునే కట్టాలి. మాస్క్‌కి ఒక కొక్కెం, ఫిన్స్‌కి ఒక కొక్కెం, బెల్టుకి ఒకటి. ఒడిలో పెట్టుకుంటే చాలులే అనుకున్నది ఏదైనా సముద్రానిదే. తాళ్లు మరీ పొడవుగా ఉన్నా ముప్పే. పడవ బోల్తా పడితే మనిషి కాళ్లకి అవే చుట్టుకుంటాయి. అందుకే పొట్టి తాళ్లు, చేతికి గ్లవ్స్ ఉన్నా ఒక్క వేలితో తీయగలిగే కొక్కేలు వాడతారు. రెగ్యులేటర్ ఇసుకలో పడకుండా జాకెట్‌కి తగిలించేస్తారు. ఒక్క చిటికెడు ఇసుక చాలు, అది గాలి కారిపోయేలా చేయడానికి.

అలల్లోంచి బయటికి వెళ్లేటప్పుడు పడవ ముక్కు సముద్రం వైపు తిన్నగా ఉండాలి. అడ్డం తిరిగితే అల దొర్లించేస్తుంది. ఇంకో మాట కూడా డైవర్లు పదేపదే చెబుతారు. నీళ్లలో నిలబడినప్పుడు పడవకీ ఒడ్డుకీ మధ్య ఉండకూడదు. సామానుతో నిండిన కయాక్‌ని అల ఎత్తి విసిరితే మోకాళ్లు నిలవవు.

బయల్దేరేముందు బావగారు భార్య చేతిలో ఒక కాగితం పెట్టారు. ఎక్కడ మునుగుతారు, ఎన్నింటికి తిరిగొస్తారు, ఏ టైము దాటితే తీర రక్షక దళానికి ఫోన్ చేయాలి... అన్నీ అందులో ఉన్నాయి. ఆవిడ దాన్ని మడిచి ఫ్లాస్కు కింద పెట్టారు. "తమ్ముడూ, పదకొండు దాటిందంటే ఊరుకోను" అని నవ్వుతూనే అన్నారు గానీ, ఆ తర్వాత ఎన్నిసార్లు గడియారం చూశారో పిల్లలు నాకు లెక్క చెప్పారు.

నీటి మీదే ముస్తాబు

వాళ్లు వెళ్లాలనుకున్నది 'మెట్రిడియం ఫీల్డ్' అనే చోటికి. దాదాపు 15 మీటర్ల లోతు. ఒడ్డు నుంచి ఈదుకుంటూ వెళ్లేవాళ్లూ ఉన్నారు. కానీ అంత బరువుతో అంత దూరం వీపు మీద ఈదితే సగం ఓపిక, ఒక్కోసారి కొంత గాలీ అక్కడే ఖర్చవుతాయి. కయాక్‌లో అయితే తెడ్డు వేసుకుంటూ కొద్ది నిమిషాల్లో చేరిపోవచ్చు.

దారిలో ఒక నీటికుక్క వెల్లకిలా పడుకుని కనిపించింది. దానికి కనీసం అయిదు కయాక్‌ల పొడవంత ఎడంగా వెళ్లాలన్నది ఇక్కడి సూచన. దగ్గరికెళ్తే అది నిద్ర లేచి మునుగుతుంది. చల్లటి నీళ్లలో ఒంటి వేడి నిలుపుకోవడానికే నానా తంటాలు పడే జీవికి ప్రతి ఉలికిపాటూ నష్టమే.

చోటు చేరాక బావగారు ఇసుక అడుగు చూసుకుని లంగరు దించారు. రాళ్ల మీద, కెల్ప్ మొదళ్ల మీద వేస్తే అక్కడి జీవులు నలిగిపోతాయి. 2013 నుంచి ఈ తీరంలో సముద్ర నక్షత్రాలు జబ్బుచేసి కుప్పలు తెప్పలుగా చచ్చిపోయాయి. వాటికి ఆహారమైన ఊదారంగు సముద్రపు అర్చిన్లు పెరిగిపోయాయి. 2014-16 మధ్య నీళ్లు వేడెక్కాయి. అన్నీ కలిసి కెల్ప్ అడవుల్ని చాలాచోట్ల బోడి చేశాయి. మిగిలిన దాన్ని లంగరుతో పీకేయకుండా ఉండటం మన చేతిలో పనే కదా!

రెండో కయాక్‌ని మొదటిదానికి కట్టారు. ఎర్ర గుడ్డ మీద ఐమూలగా తెల్ల చార ఉన్న జెండా ఎత్తారు. 'ఇక్కడ నీళ్ల అడుగున మనిషున్నాడు' అని దాని అర్థం.

ఇక ముస్తాబు. ఊగే పడవ మీద కూర్చుని 20 కిలోల మూట వీపుకి ఎత్తుకోవడం కష్టం. అందుకే ఎక్కువమంది దాన్ని నీళ్లలోనే తొడుక్కుంటారు. ట్యాంకుకి జాకెట్, రెగ్యులేటర్ బిగించి, గాలి తెరిచి, రెండుసార్లు పీల్చి చూసుకుంటారు. జాకెట్ నిండా గాలి కొట్టి, పడవకి కట్టిన తాడు తగిలించి నీళ్లలోకి వదులుతారు. అంత బరువూ బుడగలా తేలుతుంది. తర్వాత కూర్చునే మాస్క్, ఫిన్స్ తొడుక్కుని, నడుముకి బెల్టు పెట్టుకుని, పక్కకి జారతారు. ఒకరు జారేటప్పుడు రెండోవాళ్లు పడవ అవతలి పక్కకి ఒరిగి తూకం నిలబెడతారు. బావ దిగేటప్పుడు బావమరిది, బావమరిది దిగేటప్పుడు నీళ్లలోంచే పడవ అంచు పట్టుకుని బావ. నీళ్లలో జాకెట్ తొడుక్కున్నాక ఒకరి పట్టీలు ఒకరు తడిమి చూసుకున్నారు. బొటనవేళ్లు కిందికి చూపించుకున్నారు. అంతే, మునిగారు.

ఖాళీ పడవలు... నలభై నిమిషాలు

పైన మిగిలింది రెండు ఖాళీ కయాక్‌లు, ఒక జెండా, అప్పుడప్పుడూ పైకొచ్చే బుడగలు. పెద్ద పడవ మీద అయితే కెప్టెన్ ఉంటాడు, కనిపెట్టి చూసే మనిషి ఉంటాడు. ఇక్కడ మామూలుగా ఎవరూ ఉండరు. లంగరు జారితే పడవలు కొట్టుకుపోతాయి. పైకొచ్చిన మనిషికి ఉత్త సముద్రమే కనిపిస్తుంది.

అందుకే దిగగానే మొదట చేసే పని విహారం కాదు. లంగరు తాడు వెంటే కిందికి వెళ్లి, అది గట్టిగా పాతుకుందో లేదో చేత్తో పట్టుకుని చూడటం. ఆ తర్వాత ప్రవాహానికి ఎదురు వెళ్లడం. వెళ్లేటప్పుడు ఎదురైతే వచ్చేటప్పుడు అదే తోసుకొస్తుంది. తిరగేస్తే అలసిపోయాక ఎదురీత తప్పదు. గాలిని మూడు వాటాలు వేసుకుంటారు చాలామంది. ఒక వాటా వెళ్లడానికి, ఒకటి రావడానికి, మూడోది ముట్టుకోకుండా ఆపదకి.

కింద ఏం చూశారో తర్వాత చెప్పారు. ఇసుక దిబ్బల మధ్య రాళ్ల మీద మెట్రిడియం అనే సముద్రపు పువ్వులు. పువ్వులంటున్నాం గానీ అవి జంతువులే. తెల్లటి కాడల మీద కాలీఫ్లవర్లు విరబూసినట్టు ఉంటాయట. కొన్ని మోకాలి ఎత్తు. ఆ చలికి వేళ్లు కొయ్యబారినా కదలబుద్ధి కాలేదట బావమరిదికి. బావే భుజం తట్టి గాలి మీటరు చూపించారట.

పైకి రావడానికీ పద్ధతి ఉంది. నిమిషానికి 9 మీటర్లకు మించని వేగంతో, ఊపిరి బిగబట్టకుండా రావాలి. బిగబడితే పైకొచ్చేకొద్దీ గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉంది. 5 మీటర్ల లోతులో 3 నిమిషాలు ఆగాలి. ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవడానికే ఈ మజిలీ. లంగరు తాడు ఇక్కడ మళ్లీ పనికొస్తుంది, పట్టుకుని నిలబడటానికి.

ముందు బెల్టు, చివర ఫిన్స్

నిజమైన పరీక్ష ఇప్పుడు. ఒళ్లు చలికి బిగుసుకుపోయింది. చేతులు మొద్దుబారాయి. ఎప్పుడు పడవెక్కుదామా అని ప్రాణం తొందర పెడుతుంది. క్రమం తప్పేది కూడా ఇప్పుడే.

జాకెట్‌లో నిండా గాలి నింపుకోవాలి. తర్వాత మొట్టమొదట తీయాల్సింది సీసం బెల్టు. దాన్ని అలా ఉంచుకుని తేల్చే జాకెట్ ముందు విప్పేస్తే అంత సీసమూ నడుముని కిందికి లాగుతుంది. "బావా, బెల్టు" అంటూ బావమరిది అందించాడు. బావ దాన్ని కాళ్ల గుంటలో పెట్టి, కొక్కెం పడిన చప్పుడు విన్నాకే చెయ్యి వదిలారు. తర్వాత జాకెట్‌కి తాడు తగిలించి విప్పారు, అది నీళ్లలో తేలుతూ ఉంటుంది. ఫిన్స్ మాత్రం కాళ్లకే ఉండాలి. వాటితో బలంగా తన్నితేనే ఒళ్లు నీళ్లలోంచి లేచి పడవ మీద అడ్డంగా బోర్లా పడగలదు. బోర్లా పడి, వెల్లకిలా తిరిగి, కూర్చుని, ఆ తర్వాతే ఫిన్స్. అంతా కుదురుకున్నాక ట్యాంకుని లాక్కోవడం.

సరిగ్గా ఆ సమయంలోనే మాకు కాస్త దూరంలో ఇంకో జంట పడవ ఎక్కుతోంది. ఒకతను బెల్టు విప్పి పడవ అంచున పెట్టాడు. కొక్కెం వేయలేదు. రెండో అతను ఎక్కబోయేసరికి పడవ ఒరిగింది. పది కిలోల సీసం చడీచప్పుడూ లేకుండా జారి మాయమైపోయింది. కేక వేసే వ్యవధి కూడా లేదు. ఆ రబ్బరు సూటుతో సీసం లేకుండా అతను మళ్లీ మునగలేడు. వాళ్ల రెండో డైవ్ అక్కడితో సరి. డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ క్షణంలో కింద ఇంకెవరైనా డైవర్ ఉండి ఉంటే? బావమరిది ఏమీ మాట్లాడలేదు. తన బెల్టు కొక్కేన్ని మరోసారి లాగి చూసుకున్నాడు.

ఎక్కగానే తెడ్డు అందుకోలేదు వాళ్లు. పది పదిహేను నిమిషాలు ఊరికే కూర్చుని నీళ్లు తాగారు. డైవ్ అయిన వెంటనే కండరాలకి గట్టిగా పని చెబితే ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టే ముప్పు పెరుగుతుంది. కయాక్ డైవర్‌కి ఇది అదనపు బాధ్యత, ఎందుకంటే ఇంటికి చేర్చే ఇంజిను అతని భుజాలే. ఎదురుగాలి లేచేలోపే పని ముగించుకోవాలని పొద్దున్నే బయల్దేరేది కూడా ఇందుకే.

పదిన్నరకల్లా పడవలు ఇసుక తాకాయి. మడత కుర్చీలో ఆవిడ ఫ్లాస్కు కింది కాగితం తీసి, చింపి, సంచిలో వేసుకున్నారు. పిల్లలు అప్పటికే మంచినీళ్ల క్యాను మూత తీసి సిద్ధంగా ఉన్నారు. ఉప్పు ఆరకముందే రెగ్యులేటర్ కడిగే పని వాళ్లదేనట!

వెళ్లాలనుకుంటే...

* స్కూబా శిక్షణ, సర్టిఫికెట్ లేకుండా ట్యాంకు కట్టుకోకూడదు. అవి ఉన్నా కయాక్ డైవింగ్‌ని మొదటిసారి అనుభవం ఉన్నవాళ్లతోనే చేయాలి. ట్యాంకు లేకుండా కయాక్ బోల్తా కొట్టించి తిరిగి ఎక్కడం ముందుగా సాధన చేయాలి.

* దగ్గర్లోని పాయింట్ లోబోస్ రక్షిత ప్రాంతంలో 1960లోనే సముద్రగర్భాన్ని కూడా రక్షణ కిందికి తెచ్చారు. అక్కడి వేలర్స్ కోవ్‌లో డైవింగ్‌కి ముందుగా అనుమతి తీసుకోవాలి. ఒంటరిగా దిగనివ్వరు. దేన్నీ పట్టుకెళ్లకూడదు.

* కార్మెల్ దగ్గరి మోనాస్టరీ బీచ్ చూడటానికి ప్రశాంతంగా ఉంటుంది. కానీ ఒడ్డు ఒక్కసారిగా లోతు దిగుతుంది, ముతక ఇసుక కాలి కింద నిలవదు, అల హఠాత్తుగా విరుచుకుపడుతుంది. అనుభవజ్ఞులైన డైవర్లూ అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. పిల్లలతో వెళ్తే నీటికి దూరంగా ఉండండి.

* డైవింగ్ రానివాళ్లు నిరాశ పడక్కర్లేదు. మాంటెరే బే అక్వేరియంలో 8.5 మీటర్ల ఎత్తున్న తొట్టిలో సజీవమైన కెల్ప్ అడవి ఉంది. అమ్మమ్మలూ మనవలూ పక్కపక్కన నిలబడి చూడొచ్చు.

* నీటి మీది నుంచి చూస్తే చాలనుకుంటే కేనరీ రో దగ్గర కయాక్‌లు అద్దెకిస్తారు. వేసవిలో ఉదయాలు పొగమంచు, సెప్టెంబరు-నవంబరు మధ్య తరచూ తేటనీళ్లు. లైఫ్ జాకెట్ మాత్రం ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి, పడవలో కాదు.